బీరపువ్వు విచ్చుకునే వేళ

రండి, దగ్గరికి రండి. ఆ గోడవైపు దోమలున్నాయి, ఇటు జరగండి. చాప చాలకపోతే సంచులు కింద వేసుకుని కూర్చోండి. పలకలు లోపల పెట్టేయండి, ఇప్పుడు రాసేదేమీ లేదు. వినడమే.

వెనకటికి నల్లరాళ్ళపల్లెలో కుళ్ళాయప్ప అని ఒకడుండేవాడు. బిందెలకు మాట్లు వేయడం అతని పని. చిల్లు ఎక్కడుందో నీళ్ళు పోయకుండా, వేలితో తట్టి చెప్పేసేవాడు. అంత పనిమంతుడు.

ఆ పని పగటిపూట నాలుగు గంటలు. మిగతా వేళలన్నీ పెరటివే.

పెరడంటే ఎకరాలేం కాదు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. అందులోనే బీరపందిరి, గోడమీదికి గుమ్మడి, చూరు కింద పొట్లపాదు, ఇక మాటు నిలవదనుకున్న బిందెల్లో వంగా మిరపా. కాలు పెట్టాలంటే ఆకుని అడిగి పెట్టాలి. అతని భార్య పేరు మాబున్ని. ఆమె బట్టలారేసుకోవడానికి పక్కింటివాళ్ళ దండెం అడుక్కునేది.

మొక్కలు మన వేళలకు నడవవు కదా. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. అందుకని కుళ్ళాయప్ప కోడికంటే ముందు లేచేవాడు. పొట్లపువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది. అందుకని లాంతరు పట్టుకుని అప్పుడూ అక్కడే. పెరట్లో దీపం అటూ ఇటూ తిరగడం చూసి పక్కింటి ముసలమ్మ దయ్యమనుకుని మూడు రోజులు జ్వరం తెచ్చుకుంది. నాలుగో రోజు సంగతి తెలిశాక, "దయ్యమే నయం తల్లీ, అది మిరపచెట్టుని బుజ్జగించదు" అని మాబున్నితో అంది.

ఇక బీరపువ్వు. అది సాయంత్రం, పొద్దు వాలుతుండగా విచ్చుకుంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఊళ్ళోనే మౌలాలి తాత ఉండేవాడు. దూదేకి పరుపులు కుట్టుకునే మనిషి. ఏమీ చదువుకోలేదు. కానీ చుట్టుపక్కల ఊళ్ళనుంచి హిందువులనీ సాయిబులనీ లేకుండా ఆయన దగ్గర కూర్చోవడానికి వచ్చేవాళ్ళు. ప్రతి గురువారం, దీపాలు పెట్టే వేళకు, దూదేకే విల్లు గోడకి తగిలించి తాత ఇంటి ముందు పంచలో కూర్చునేవాడు. చుట్టూ అందరూ. ప్రతి ఒక్కరి చేతిలో తాత ఇచ్చిన తస్బీ. తస్బీ అంటే పూసల మాల. పూసకొకసారి మనసులో దేవుణ్ణి తలుచుకోవాలి. అంతే.

అట్లా నలభై గురువారాలు కూర్చున్నవాడికి తాత పక్కకు వంగి చెవిలో ఒక మాట చెప్పేవాడు. ఆ వేళకు మిగిలినవాళ్ళు ముఖం అటు తిప్పుకోవాలి. ఎవరి మాట వాళ్ళదే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడు.

కుళ్ళాయప్పకు ఆ మాట కావాలి. వాళ్ళ నాయన దానికోసం ముప్పై ఆరు గురువారాలు కూర్చుని, ముప్పై ఏడోది రాకముందే పోయాడు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా విను" అన్నాడు.

కుళ్ళాయప్ప మొదలుపెట్టాడు. చలికాలమూ ఎండాకాలమూ బాగానే సాగింది, పందిరిమీద తీగ లేదు కాబట్టి. వానలు పడ్డాయి. బీర పాకింది. పూత పట్టింది. అక్కణ్ణుంచి కుళ్ళాయప్ప పంచలో కూర్చుంటే ఒళ్ళు మాత్రమే కూర్చునేది. కళ్ళు మూసుకోగానే పసుప్పచ్చగా పువ్వులు. పన్నెండో పూస దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పేది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ పన్నెండు. ఇంతలో అందరూ లేచిపోయేవాళ్ళు.

తాత శిష్యుల్లో పెద్దవాడు జిలానీ. కొలతలో తేడా రానివ్వని మనిషి. ఒక రోజు బయటికి వస్తూ, "ఏం కుళ్ళాయప్పా, ఈ వారం కాయలెన్ని?" అన్నాడు.

"ఏం కాయలు?"

"తస్బీ తిప్పుతూ లెక్కపెట్టుకున్నావు గదా, ఆ కాయలు." పక్కనున్నవాళ్ళు నవ్వారు. జిలానీ నవ్వలేదు. "నీ లెక్కకు ముప్పై తొమ్మిది గురువారాలయినాయి. నా లెక్కకు ఎన్నయినాయో చెప్పమంటావా?"

కుళ్ళాయప్ప చెప్పమనలేదు. ఆ లెక్క అతనికీ తెలుసు.

ఇక వచ్చే గురువారం నలభయ్యోది. అది కూడా ఇట్లాగే దొంగలెక్కతో గడిపి, చెవి ముందుకు పెట్టి మాట తీసుకోవడమా? నాయన పేరు చెప్పుకుని? ఆ ఆలోచనతో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బుధవారం పొద్దున్నే తాత దగ్గరికి పోయాడు.

తాత పరుపు కుడుతున్నాడు. తలెత్తలేదు. "చెప్పు నాయనా."

"నాకు పెరటి పిచ్చి పట్టుకుంది తాతా. వదలడం లేదు. కూర్చుంటే కూర్చోనివ్వదు, పడుకుంటే పడుకోనివ్వదు. మీ ముందర కూర్చుని కూడా నేను బీరపాదు కిందే ఉంటున్నా. అందుకని పందిరి కోసేస్తా. మొదలంటా."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే."

తాత దారం కొసను నోటితో తడిపి సూదిలోకి ఎక్కించాడు. ఒక కుట్టు వేశాడు. ఇంకో కుట్టు వేశాడు.

"పొద్దున వద్దు. సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు కోద్దాం. నేనూ వస్తా. కొడవలికి పదును పెట్టుకో."

కుళ్ళాయప్ప మనసు తేలికపడాలి. పడలేదు. తాత వద్దంటాడేమోనని లోపలెక్కడో ఒక ఆశ ఉన్నట్టుంది, అది పోయింది. ఇంటికొచ్చి పెరట్లో రాయిమీద కొడవలి నూరుతూ కూర్చున్నాడు. పందిరివైపు వీపు పెట్టుకున్నాడు.

మాబున్ని వచ్చి గుమ్మంలో నిలబడింది. "దేనికా కొడవలి?"

"పందిరి కోయడానికి."

ఈ పెరటిని ఆమె తిట్టని రోజు లేదు. ఇప్పుడు మాత్రం గుమ్మం దిగి అతని ముందుకొచ్చింది.

"నిరుడు నన్ను ఒక్క లేతకాయ కోసుకోనిచ్చినావా? ఇంకా పెరగాలి, ఇంకా పెరగాలి అని చూసుకుంటా కూర్చున్నావు. అన్నీ ముదిరి పీచయినాయి. ఊరంతా మన బీరపీచుతో ఒళ్ళు రుద్దుకున్నారు గానీ మన పొయ్యిమీద కూర ఉడకలా. కాయ కోయడానికి రాని చెయ్యి, పాదు కోయడానికి వస్తుందా నీకు?"

"తాతకు చెప్పేసినా."

"చెప్పినావులే" అని ఆమె లోపలికి పోయింది. ఆ రోజు రెండోసారి అన్నం కావాలా అని అడగలేదు.

గురువారం సాయంత్రమయింది. తాత పంచలో కూర్చోలేదు. భుజాన తువ్వాలు వేసుకుని కుళ్ళాయప్ప ఇంటికి బయల్దేరాడు. ఆయన వెనక అందరూ. జిలానీ లాంతరు పట్టుకున్నాడు.

"తాతా, ఈ పూట కూర్చోవడం లేదా? గురువారం గదా" అన్నాడు జిలానీ, దారిలో.

"గురువారమే" అన్నాడు తాత.

పెరట్లో ఇంతమందికి చోటెక్కడిది. ఒకరి భుజం ఒకరికి ఆనించి గోడవారగా నిలబడ్డారు. తాత ఒక బిందె బోర్లించి దానిమీద కూర్చున్నాడు. పొద్దు అప్పుడే వాలుతోంది. పందిరిమీద మొగ్గలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

"కోయి నాయనా" అన్నాడు తాత.

కుళ్ళాయప్ప వంగి పాదు మొదలు పట్టుకున్నాడు. కొడవలి ఆనించాడు. అతని తలకు ఒక పువ్వు తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఉండు" అన్నాడు తాత. "కోసేముందు ఒక్కసారి నీ పని నాకు చూపించు. రోజూ ఈ వేళకు ఏం చేస్తావో."

కుళ్ళాయప్ప కొడవలి కింద పెట్టాడు. తస్బీని మణికట్టుకు చుట్టుకున్నాడు. ఒక మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి ఒలిచి, మధ్యలో పుప్పొడి మిగిల్చాడు. వెనక వేలెడు పిందె ఉన్న ఆడపువ్వు దగ్గరికి పోయి, దాని గుండెకు మెల్లిగా అద్దాడు. అట్లా అద్దితే పిందె రాలిపోదు. ఇంకో పువ్వు. ఇంకోటి. మొదట అందరూ చూస్తున్నారని పుప్పొడి సగం కింద రాల్చాడు. నాలుగో పువ్వుకు చెయ్యి కుదురుకుంది. పదో పువ్వుకు ఆ పెరట్లో తను తప్ప ఎవరూ లేనట్టే అయింది.

చీకటి పడింది. జిలానీ లాంతరు ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు. కాసేపటికి, "ఇదిగో, ఇటొకటుంది, ఆకు కింద" అని తనే చూపించాడు.

"చూసినా, వస్తున్నా" అన్నాడు కుళ్ళాయప్ప, తిరిగి చూడకుండానే.

చివరి పువ్వయ్యాక చేతికంటిన పుప్పొడి తుడుచుకుని నిలబడ్డాడు. అప్పటిగ్గానీ తనెందుకు అక్కడున్నాడో గుర్తు రాలేదు. ముఖం వాలిపోయింది.

"పెదాలు కదుపుతున్నావే, ఏమంటున్నావు?" అని అడిగాడు తాత.

"ఏమీ లేదు తాతా. బిస్మిల్లా అంటా. మా అమ్మ విత్తనం ముట్టుకున్నా దేవుడి పేరుతోనని అట్లా అనేది. నాకూ నోటికి అలవాటయింది."

"ఎన్నిసార్లు?"

"పువ్వుకొకసారి."

"మధ్యలో మర్చిపోయినావా?"

"పువ్వు ముట్టుకున్నాక ఎట్లా మర్చిపోతా తాతా."

తాత లేచాడు. "కొడవలి ఇటియ్యి."

ఇచ్చాడు. ఇచ్చి కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కళ్ళలో పువ్వులు కనపడలేదు, చెవి ఒక్కటే పనిచేసింది. కొడవలి కోసిన చప్పుడు విన్నాడు. చిన్న చప్పుడు. పాదు మొదలు తెగితే అంత చిన్న చప్పుడు రాదు.

కళ్ళు తెరిచాడు. తాత చేతిలో జానెడు లేత బీరకాయ ఉంది.

"మాబున్నీ" అని పిలిచాడు తాత. "కూరకు చాలుతుందా?"

గుమ్మంలోంచి ఆమె అంది: "ఇంతమంది వచ్చినారు గదా తాతా. ఒక్కటి ఏ మూలకు?"

"అదీ నిజమే" అని తాత ఇంకోటి కోశాడు. ఇంకోటి. కొడవలి పడిన ప్రతిసారీ కుళ్ళాయప్ప ఊపిరి బిగబట్టాడు. అందులో ఒకటి తను విత్తనానికని ఉంచుకున్నది. అదీ తెగింది. మాబున్ని ఒళ్ళో కాయలు పడుతుంటే ఆమె ముఖం చూశాడు. పెళ్ళయినప్పటినుంచీ చూస్తున్న ముఖమే, ఆ వెలుగు మాత్రం ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు. ఆ తర్వాతి కాయకు ఊపిరి బిగబట్టడం మర్చిపోయాడు.

చివరి కాయ కోస్తుంటే పెద్ద తీగ ఒకటి పందిరినుంచి జారి కిందికి వేలాడింది.

"దారముందా?" అన్నాడు తాత.

"నిన్ననే అయిపోయింది తాతా."

"ఆ చేతికున్నదేంది?"

కుళ్ళాయప్ప మణికట్టువైపు చూసుకున్నాడు. "మీరిచ్చిన తస్బీ."

"దానితో కట్టు."

"తాతా, అది..." అన్నాడు జిలానీ. తాత అతనివైపు తిరగలేదు. "లాంతరు కొంచెం ఎత్తు నాయనా, వాడికి కనపడాల" అన్నాడు.

జిలానీ ఎత్తాడు.

కుళ్ళాయప్ప తీగను పైకెత్తి పందిరి వాసానికి ఆనించాడు. తస్బీని రెండు చుట్లు తిప్పాడు. మళ్ళీ జారితే తట్టుకోలేననుకున్నాడేమో, బిగించి ముడి వేశాడు. పూసలు కాడలోకి నొక్కుకున్నాయి.

అప్పుడు మౌలాలి తాత అతని పక్కకొచ్చి వంగాడు. చెవి దగ్గరికి.

అందరూ ముఖం అటు తిప్పుకున్నారు. లాంతరు పట్టుకున్న జిలానీ కూడా తిప్పుకున్నాడు. నలభయ్యో గురువారం.

ఆ మాట ఇంకెవరికీ తెలియకూడదు. నిజమే. కానీ ఒళ్ళో బీరకాయలతో మాబున్ని ఆకుల అవతలే నిలబడింది. ఆమెకు ఆ ఆచారం తెలీదు, తెలిసినా ముఖం తిప్పుకునే మనిషి కాదు. ఆమె వింది కాబట్టే నాదాకా వచ్చింది.

తాత అన్నాడట: "గట్టిగా కట్టకు. తీగ ఇంకా పెరగాల."

కుళ్ళాయప్ప ముడి విప్పి, వేలు దూరేంత వదులుగా మళ్ళీ కట్టాడు.

అంతే. ఇక లేవండి. చాప దులిపి ఆ మూల పెట్టండి. మీ ఇళ్ళల్లో పొయ్యిమీద ఏముందో ఇక్కడికే వాసన వస్తోంది. పోండి, చేతులు కడుక్కుని వేడిగా ఉండగానే తినండి. బీరకాయ కూరైతే మూతి ముడవకుండా తినండి.