ఉస్తాద్ “పోనీ” అనని బండి

“ఎర్రెద్దుల బండి ఎందాక పోయె, ఏటి దాపుకు పోయె, ఏటికావల...”

ఆపైన ఏముందో చంద్రకళకు గుర్తులేదు. చిన్నప్పుడు చింతగింజలాడుతూ పాడిన పాట. తన మోటారుసైకిలుకు కొత్త సైలెన్సర్ బిగిస్తూ ఆ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ పాడింది. ఎంత సంతోషమో ఆ పొద్దున.

ఆదోనిలో ఖాజా హుసేన్ ఉస్తాద్ షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. బండి ఎవరు బాగుచేసినా సరే, ఆఖరున ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనిస్తాడు. పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలి చప్పుడు వింటాడు. విని “పోనీ” అంటేనే బండి షెడ్డు దాటుతుంది.

చంద్రకళ ఆయన దగ్గర చేరి ఏడేళ్లు. ఇంజను మొత్తం విప్పి మళ్లీ కూర్చగలదు. ఆ “పోనీ” మాత్రం ఇంకా ఆయన నోటిదే. అది తన నోట రావాలని ఆమెకు ఒకటే ఆశ. అడిగినప్పుడల్లా ఆయన “చూద్దాంలేమ్మా” అనేవాడు.

ఊరికైనా తన పనితనం వినపడాలి కదా అని, కంపెనీ సైలెన్సర్ పీకేసి, బజారులో దొరికే పొట్టి గొట్టం తెచ్చి బిగించింది.

స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. పక్క టీ బంకు షాషావలి, “అక్కా, బయల్దేరే ముందు ఒక మాట చెప్పు, పాలు దించుకుంటా” అన్నాడు. సాయంత్రం సందు మొదట్లో ఉండగానే ఇంట్లో అత్తగారు, “వచ్చిందమ్మా మా పిండిమర” అని తలుపు తీసేది. అననీ. ఆడమనిషికి పానాలూ రెంచీలూ ఎందుకన్న వాళ్లంతా ఇప్పుడు తల తిప్పి చూస్తున్నారు. చంద్రకళ మెడ ఇంకాస్త నిలబెట్టి నడిపింది.

ఉస్తాద్ మాత్రం పది రోజులైనా ఏమీ అనలేదు. స్క్రూడ్రైవర్ కూడా ఆనించలేదు. సొంత బండే కదా అని ఆమె ఆ మాట లేకుండానే తిప్పుతోంది.

ఆమె ఉండబట్టలేక అడిగింది. “నా బండికి ‘పోనీ’ అనలేదు ఉస్తాద్.”

“నన్ను దర్గా దాకా దించు. దారిలో మాట్లాడుకుందాం.”

వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాడాయన. పెద్దమనిషి కదా అని మెల్లగానే పోనిచ్చింది. అయినా ఇరుపక్కలా గోడలు మోగాయి. అద్దంలో చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏదో దువా చదువుకుంటున్నాడనుకుంది. పత్తి మిల్లు దగ్గర చెయ్యెత్తి ఏదో అన్నాడు. దారి చూపిస్తున్నాడనుకుని తలూపింది. వంతెన మీద ఆయన నవ్వాడు. తనూ నవ్వింది.

దర్గా ముందు ఇంజను ఆపింది. చెవుల్లో మోత ఆగలేదు.

ఉస్తాద్ దిగి టోపీ సర్దుకున్నాడు. “అయితే నీకు సమ్మతమే కదా?”

“ఏది ఉస్తాద్?”

“దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చినా. తలూపినావు కూడా.”

“ఏం చెప్పినారు?”

“ఏడేళ్లుగా నువ్వు అడుగుతున్నదే.”

చంద్రకళ చేతులు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి. “మళ్లీ చెప్పండి. ఇప్పుడు వింటాను” అంది.

ఆయన చెప్పులు విడిచి మెట్టు మీద కాలు పెట్టాడు. వేడికి నీలం తిరిగిన ఆ గొట్టాన్ని ఒకసారి చూశాడు.

“చెప్తాలేమ్మా,” అన్నాడు, “తిరిగి పోయేటప్పుడు, దారిలో.”