కడిగినా పోని పనస వాసన

అనగనగనగా, మనుషులకంటే పనసచెట్లే ఎక్కువున్న ఒక ఊళ్ళో ఒక రాజుగారు. ఊరు చిన్నది, రాజు చిన్నవాడు, మీసం మాత్రం ఇంత! ఏం తిన్నా సగం ఆయనకి, సగం మీసానికి. నవ్వకండర్రా, ఊ కొట్టండి.

ఆ ఊరి కుమ్మరివారి కోడలు నూకాలు. చురుకైన పిల్ల. ఏటా మొదటి పనసపండు అమ్మవారికి పెట్టాకే ఊళ్ళో ఎవరైనా పనస ముట్టాలి. ఆ ఏడు పండు కోటలో కొట్టుగదిలో ముగ్గుతోంది. పొద్దున్న నూకాలు వెళ్ళి కొత్తకుండలు ఆ గదిలోనే దించి వచ్చింది. మధ్యాహ్నానికి చూస్తే ఏముంది? తొక్కా, పిక్కలూ!

వెళ్ళింది నూకాలే కాబట్టి తిన్నదీ నూకాలే అన్నారు. తిన్నవాళ్ళకి గుండు గీసి ఊరు దాటిస్తానని రాజుగారు చాటింపు వేయించాడు. అత్త అప్పలనరసమ్మ అయితే, ఎవరూ అడక్కుండానే కోడలి బట్టలు మూట కట్టేసింది. ఎంత తొందరో మహాతల్లికి! నూకాలుకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. చెయ్యని తప్పుకి మొగుణ్ణీ ఇంటినీ వదిలి పోవడమేమిటి?

నేను తినలేదని ఆమె మొత్తుకుంటే, సభలో అందరి చేతులూ వాసన చూశారు. ఏముంటుంది? పనస కోసేవాడు జిగురంటకుండా ముందే నూనె రాసుకుంటాడు, తర్వాత కుంకుడుకాయతో తోముకుంటాడు.

అప్పుడు నూకాలు ముందుకొచ్చి చెప్పింది. వాసనంటే ఏమీ లేని గాలి కాదు దొరా, కంటికి ఆనని నలుసులు, చుట్టాల్లాంటివి అంది. ఇత్తడి చెంబు నున్నగా ఉంటుంది, దానిమీద కాసేపు కూచుని జారిపోతాయి. మట్టికుండకి ఒళ్ళంతా గుంటలే, ప్రతి గుంటలోనూ చాప పరుచుకుంటాయి. మజ్జిగకుండ ఏడుసార్లు కడగండి, వాసన రాదు. పొయ్యెక్కించండి, ఎప్పటి మజ్జిగో లేచొస్తుంది. కింద వేడి తగిలితే ఏ చుట్టం కూచుంటాడు? పైగా నీటావిరి వచ్చి, లే నా చోట్లోంచి అని తోస్తుంది. జుట్టూ మీసమూ కూడా కుండలాంటివే. అందరికీ ఆవిరి పట్టించండి, తిన్నదెవరో తేలిపోతుంది అంది.

సభలో మీసాలన్నీ వణికాయి. వంటవాడు తడుముకున్నాడు, మంత్రి తడుముకున్నాడు, పూజారికి మీసం లేదు, అయినా తడుముకున్నాడు. రాజుగారు మాత్రం ధీమాగా కూచున్నాడు. ఎందుకంటారా? నాలుగు రోజులుగా ఆయనకి పడిశం, ముక్కు దిబ్బడ. తనకే వాసన తెలీకపోతే లోకానికీ తెలీదనుకున్నాడు. ముందు నాకే పట్టండి, పడిశమైనా వదులుతుంది అన్నాడు.

కింద సలసలా కాగే నీళ్ళు, నీళ్ళమీద రాజుగారు, రాజుగారి మీద కంబళి. ఊ కొడుతున్నారా? ఆవిరి ముక్కులోకి పోయింది, దిబ్బడ వదిలింది. ఆవిరి మీసంలోకి పోయింది, వాసన లేచింది. తిండిపోతుకి వాసన తగిలితే ఒళ్ళు తెలుస్తుందా? కంబళి లోపల్నించి ఒకటే కేక.

"పనస! పనస వాసన! దొంగ ఇక్కడే ఉన్నాడు, పట్టుకోండి!"

మంత్రి కంబళి ఎత్తి చూశాడు. లోపల రాజుగారు తప్ప ఎవరున్నారు?

ఇంకేం చేస్తాడు, చెప్పేశాడు. ఒక్క తొన రుచి చూద్దామనుకున్నాడట. దానికి తోడు ఇంకోటి, ఆ రెంటికీ తగువు తీర్చడానికి మూడోది, ఆ మూటినీ సాగనంపడానికి నాలుగోది... చివరికి పిక్కలు మిగిలాయిట. నూకాలు మాత్రం, రాజు లేకపోతే ఊరేం కాను, గుండూ వద్దు, ఊరు దాటించడమూ వద్దు, ఆ మీసం తీయించండి చాలు అంది. తీయించారు. రెండో పండు అమ్మవారికి పెట్టి, ఊరందరికీ తొనలు పంచారు. రాజుగారికి పిక్కల కూర. అప్పలనరసమ్మ చప్పుడు చెయ్యకుండా మూట విప్పి, తన తొన కోడలి చేతిలో పెట్టి, నన్ను క్షమించవే అని ఏడ్చింది.

చేతులు కడుక్కున్నంత మాత్రాన చేసిన తప్పు పోదర్రా. సరే, కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లోకి దూరదాం. ఏమే బుజ్జమ్మా, అటు తిరిగి పడుకున్నావేం? రేపటి పేరంటానికి దాచిన అరటిపళ్ళు రెండు తగ్గాయి. ఏదీ, నీ జడ ఇలా తే, ఆవిరి పట్టిస్తాను!