నాలుగు పూల దండ

మా అమ్మమ్మ గురువుగారు పూర్ణానందమ్మగారి ఆశ్రమం గోదావరి ఒడ్డున ఉండేది. ఎవరేమి అడిగినా ఆవిడ అప్పటికప్పుడు బదులు చెప్పేవారు కాదు. "రేపు పూజకి రా" అనేవారు, అంతే.

అమ్మమ్మ పేరు భ్రమరాంబ. ఆశ్రమంలో చిన్నపిల్లలకు శ్లోకాలు నేర్పేది. ఆమె కూతురు వైదేహి, అంటే మా అమ్మ, అయిదేళ్ళకే అరవై శ్లోకాలు తప్పు పోకుండా చెప్పేదట. చేపలు పట్టే సత్తెయ్య కూతురు నూకాలుకి మూడు కూడా పూర్తిగా వచ్చేవి కావు. ఇద్దరినీ ఒకే రోజున ఊళ్ళో బడిలో వేశారు. నూకాలు కుదురుకుంది. మా అమ్మ మాత్రం అక్షరం వంకర పోతే చాలు, పలక విసిరేసి గుమ్మం వైపు చూసి ఏడ్చేది. గుమ్మం బయట అరుగు మీద అమ్మమ్మ కాచుకుని ఉండేది. లోపలికి వెళ్ళి, చెయ్యి పట్టి దిద్దించి వచ్చేది. మూడు నెలలు ఓర్చిన పంతులమ్మగారు, ఈ నెల కూడా ఇలాగే ఉంటే పిల్లను తీసుకుపొమ్మని చెప్పేశారు.

అమ్మమ్మ వెళ్ళి గురువుగారి ముందు కూర్చుంది. "అన్నీ వచ్చిన పిల్ల బడిలో నిలవలేదు, ఏమీ రాని పిల్ల నిలిచింది. నేను నేర్పనిదేమిటమ్మా?" అని అడిగింది.

రేపు పూజకి పిల్లలిద్దరినీ తీసుకురమ్మన్నారు గురువుగారు.

మర్నాడు ఆదివారం. పిల్లల ముందు నందివర్ధనాల బుట్ట, అరటినార, గిన్నెలో నీళ్ళు పెట్టించి, ఇద్దరి దండలూ వస్తేనే హారతి అన్నారు. కాసేపటికి నూకాలు నార తెగింది. తెగిన వల ముందు తండ్రి ఎలా కూర్చుంటాడో అలా కూర్చుని, ఇంకో పోగు తడుపుకుని మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత మా అమ్మ నార తెగింది. ఇంట్లో రోజూ స్వామికి దండ కట్టేది వైదేహేనని అమ్మమ్మ అందరికీ చెప్పుకునేది గాని, ముడులన్నీ అమ్మమ్మవే. పిల్ల తల్లి వైపు చూసింది. అప్పటికే అమ్మమ్మ చెయ్యి ముందుకు వెళ్ళింది. గురువుగారు ఆ మణికట్టు పట్టుకున్నారు.

పిల్ల ఏడ్చింది. పూలు విసిరింది. నూకాలు దండ అయిపోయింది. పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలగకుండానే ఉంది. పూజకు వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"స్వామికి ఆలస్యమవుతోందమ్మా, నేను రెండు ముడులు వేసేస్తాను" అంది అమ్మమ్మ.

"ఆయన కూర్చునే ఉన్నాడు. వేరే పనేముంది ఆయనకి?" అన్నారు గురువుగారు. పట్టు వదల్లేదు.

ఎంతసేపటికో ఏడుపు దానంతటదే ఆగింది. నూకాలు నీళ్ళగిన్నె ఇటు జరిపి, "తడుపుకోవే, ఎండు నార ఊరికే తెగుద్ది" అంది. మా అమ్మ ముక్కు తుడుచుకుంది. చెల్లాచెదురైన పూలు ఏరుకుంది. ఒక ముడి వేసింది, అది జారింది. మళ్ళీ వేసింది. చివరికి వంకరటింకరగా నాలుగు పూల దండ అయింది. గురువుగారు నూకాలు దండతోపాటు దాన్నీ స్వామి మెడలో వేయించి, హారతి ఇప్పించారు.

ఆ హారతి కళ్ళకద్దుకోవడానికి అమ్మమ్మ ఎడమ చెయ్యే చాపవలసి వచ్చింది. కుడి చెయ్యి ఇంకా గురువుగారి పట్టులోనే ఉంది మరి.

"రేపు దీన్ని బడికి పంపమంటారా?" అని అడిగింది, పిల్లను చూపించి.

గురువుగారు అప్పుడు ఆ మణికట్టు వదిలారు. దాని మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

"పిల్లను పంపు భ్రమరాంబా. ఈ చేతిని ఇంట్లో ఉంచుకో."