కరెన్నకు మూడు పిలుపులు

అనగనగా, మన తాతల తాతలు ఉయ్యాల్లో కాళ్లాడించే రోజుల్లో, రాళ్లగుట్టల నడుమ ఒక గొర్రెలకాపరి ఉండేవాడు. పేరు కరెన్న. ఊఁ కొడుతూ వినండి, కునుకు తీస్తే కథ ఆపేస్తాను.

బీదవాడే గానీ చెయ్యి మంచిది. గొర్రె ఈనే వేళైతే తిండీ నీళ్లూ మాని దాని పక్కనే కూర్చునేవాడు. వీపు నిమిరేవాడు. "నేనుండాను గదా తల్లీ, నేనుండాను గదా" అనేవాడు. పిల్ల నేలమీద పడి, తల్లి దాన్ని నాకేదాకా కదిలేవాడు కాదు.

అతని పెళ్లాం మారెక్కకు తొలికాన్పు నొప్పులొచ్చాయి. ఆ పల్లెలో మగవాడు కాన్పు గుడిసె గడప తొక్కకూడదు. తొక్కితే ఆడంగివాడని నవ్వుతారు. కరెన్న బయట దొడ్డి దగ్గర, మగవాళ్ల మధ్య మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఆ మీసంలో పట్టుమని నాలుగు వెంట్రుకలు కూడా లేవు.

లోపల్నించి మారెక్క పిలిచింది. "ఏమయ్యో, ఒక్కతూరి రా!"

కరెన్న లేవబోయాడు. పక్కవాడు నవ్వాడు. సిగ్గేసి కూలబడ్డాడు.

మళ్లీ పిలిచింది. "ఏమయ్యో, బయమైతాంది, రా!"

గడపదాకా పోయాడు. వెనక అందరూ గొల్లున నవ్వారు. సిగ్గేసి తిరిగొచ్చాడు.

అప్పుడే దొడ్డిలో ఒక గొర్రెకు నొప్పులొచ్చాయి. కరెన్న పరుగెత్తి దాని వీపు నిమిరాడు. "నేనుండాను గదా తల్లీ" అన్నాడు. గుడిసెకూ దొడ్డికీ మధ్య ఉన్నది ఒక్క తడికే.

లోపల్నించి మారెక్క మూడోసారి పలికింది. గొంతు సన్నబడిపోయింది. "గొర్రెకు చెప్పే మాట నాకు చెప్పగూడదా అయ్యా?"

కరెన్నకు తల కొట్టేసినట్టయింది. ఇందాకటి సిగ్గు జనాన్ని చూసి. ఈ సిగ్గు తన్ను తాను చూసుకుని. లేచి గడప దాటాడు.

మంత్రసాని ఓబులవ్వ మండిపడింది. "రేయ్, సిగ్గుల్యాదా నీకు?"

"ఉండాదవ్వా. అందుకే వస్తి."

మారెక్క చేతులు చల్లబడి ఉన్నాయి. కరెన్న ఆమె వెనక కూర్చుని, ఆమె వీపును తన రొమ్ముకు ఆనించుకున్నాడు. "నేనుండాను గదా" అన్నాడు. అంటూనే ఉన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టి రక్తం వచ్చేలా నొక్కింది. తెల్లారేసరికి బిడ్డ కేరుమంది. తల్లీ దక్కింది.

మారెక్క అతన్ని వారంలోపే క్షమించింది. కరెన్న మాత్రం తన్ను తాను క్షమించుకోలేదు. పల్లె ఆడవాళ్లు మెచ్చుకుంటే తల దించుకునేవాడు. "మూడుతూర్లు పిలిపించుకున్నోణ్ని, నన్నేల పొగుడ్తారమ్మా?" అనేవాడు. చచ్చేదాకా అదే మాట.

కరెన్న పోయాడు. ఆ గుట్టల్లో ఇప్పటికీ నొప్పులు మొదలైతే మొగుడే ముందు లోపలికి పోతాడు. పెళ్లాం వెనక కూర్చుంటాడు. ఎవడైనా గడప దగ్గర నీళ్లు నమిలితే, లోపల్నించి ముసలమ్మలు ఒక్కటే అడుగుతారు.

"ఎన్ని పిలుపులు కావల్లరా నీకు?"

వాడు తల దించుకుని లోపలికి పోతాడు.