పాతరలో కొండెక్కిన దీపం

అనగనగా నల్లరేగడి నేలల్లో ఒక ఊరుండేది కన్నా. ఆ ఊళ్ళో పుల్లమ్మ అనే ముసలామె, ఆమె కొడుకు మద్దిలేటి, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు సుంకమ్మ ఉండేవాళ్ళు.

వాళ్ళ ఇంటి ముందు ఒక పాతర ఉండేది. పాతరంటే జొన్నలు దాచుకునే లోతైన గొయ్యి. పైన గడ్డి కప్పి, బండ మూసి, మట్టి మెత్తేవాళ్ళు. ఆ ఏడు వానల్లేవు. ఇంట్లో గింజ లేదు. పాతర అడుగున మిగిలిన జొన్నలే దిక్కు.

సరిగ్గా అప్పుడే పుల్లమ్మకు కూతురి కాన్పు చెయ్యడానికి పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ కోడల్ని పాతర దగ్గరికి పిలిచింది. బండ తీశాక ముందు ఉట్టిలో దీపం పెట్టి దించమంది. అది వెలుగుతుంటేనే మనిషి దిగాలంది.

"కొండెక్కితే మాత్రం ఎవర్నీ దిగనివ్వకమ్మా."

ఆరిపోవడాన్ని కొండెక్కడం అంటారెందుకని సుంకమ్మ అడిగింది. పుల్లమ్మ పాతర బండ మీద కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. ఎప్పుడో ఆ ఇంటి అన్నదమ్ములిద్దరు ఆ పాతరలోకి దిగారట. అన్న పలకలేదని తమ్ముడు దిగాడట. ఇద్దరూ పైకి రాలేదట. మూసిన పాతరలో గాలి చెడిపోతుందని అప్పుడే తెలిసిందట. ఆ తర్వాత వాళ్ళమ్మ, దీపం ఆరిందనే మాట నోటితో అనలేకపోయిందట. నా పిల్లలు ఎక్కలేకపోయారు, దీపమైనా ఎక్కిందనుకుంటానని, కొండెక్కింది అనడం మొదలుపెట్టిందట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే మాట.



మర్నాడు మద్దిలేటి బండ తీశాడు. లోపల్నుంచి వెచ్చగా, పుల్లగా వాసన కొట్టింది. సుంకమ్మ దీపం దించింది. సగం దాకా పోకుండానే కొండెక్కింది. గాలికి అయ్యుంటుందన్నాడు మద్దిలేటి. అప్పుడు గాలి తగలకుండా చాప అడ్డం పెట్టి ఇంకోసారి దించింది. మళ్ళీ కొండెక్కింది.

"దిగొద్దయ్యా. రేపు చూద్దాం."

నిన్నట్నుంచీ ఇద్దరూ గంజినీళ్ళ మీదే ఉన్నారు. ఒక్క గంపెడు తోడుకుని ఇట్టే వచ్చేస్తానని ఆమెను పక్కకు జరిపాడు. అప్పుడు సుంకమ్మ ఉరికి, మోకు తెచ్చి, అతని నడుముకు కట్టింది. పిరికిదానివని నవ్వుతూ అతను నిచ్చెన దిగాడు.

ఒకసారి పిలిస్తే, ఆఁ అన్నాడు. రెండోసారి పిలిస్తే ఏదో గొణిగాడు. మూడోసారి పిలిస్తే పలకలేదు.

సుంకమ్మ కాలు నిచ్చెన మీద పెట్టేసింది. అప్పుడు ఆ తమ్ముడు గుర్తొచ్చాడు. ప్రాణం పోతున్నట్టుగా ఉన్నా, కాలు వెనక్కి తీసింది. మోకు పట్టుకుని గొంతు చిరిగేలా అరిచింది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి లాగారు. మద్దిలేటి తల వేలాడేసి పైకొచ్చాడు. పెదాలు నల్లబడ్డాయి. నీళ్ళు చల్లారు, విసనకర్రతో విసిరారు. ఎంతకీ కదల్లేదు. సుంకమ్మకు ఏడుపు కూడా రాలేదు.

చాలాసేపటికి ఒక్క దగ్గు దగ్గాడు.

ఆ రోజంతా పాతర తెరిచే ఉంచారు. మోకుకు వేపకొమ్మలు కట్టి, పైకీ కిందికీ ఆడించి, లోపలి గాలి కదిలించారు. తెల్లారాక మూడోసారి దించితే, దీపం జొన్నల మీద కూర్చుని నిలకడగా వెలిగింది.

మద్దిలేటికి ఇంకా కాళ్ళు నిలవడం లేదు. అందుకని సుంకమ్మే నడుముకు మోకు కట్టుకుంది. మోకు రెండో కొస పట్టుకుని అతను ఒక్కటే అడిగాడు.

"మాట్లాడుతూ ఉండు సుంకా. ఆపొద్దు."

ఆమె దిగింది. దీపం చుట్టూ అంతా చీకటి. ఏం మాట్లాడాలో తోచక పుట్టింటి ఎద్దుల పేర్లు చెప్పింది. ఆ తర్వాత చెల్లెలితో పోట్లాడిన సంగతి చెప్పింది. ఆ తర్వాత, ఈ ఊరొచ్చిన మొదటిరోజు ఎంత ఏడ్చిందో, ఎవరికీ చెప్పనిది, అదీ చెప్పేసింది. గంప నిండేదాకా భయం పోలేదు, మాటా ఆగలేదు. పైన మద్దిలేటి ప్రతి మాటకీ ఊఁ కొడుతూనే ఉన్నాడు, ఇప్పుడు నువ్వు కొడుతున్నావే, అచ్చం అలాగే.

కథ వెళ్ళె కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
జొన్నలొచ్చె వాకిటికి,
నిదరొచ్చె కంటికి.