యాభై ఒక్క ఘనకార్యాల దశమి

ఏరువాడ రాజు చినభూపతికి చరిత్రంటే ప్రాణం. తన ఊసు లేని చరిత్రంటే మాత్రం కునుకు.

ఒక ఏడు ఆయనకో కోరిక పుట్టింది. తాను పుట్టింది కార్తీక శుద్ధ దశమి. అంతటి రోజున లోకంలో ఇంకేమీ జరగకుండా ఉంటుందా?

"ఆ తిథిన జరిగిన ఘనకార్యాలన్నీ వెతికి గ్రంథం రాయండి. ఒక్కోదానికి ఒక్కో పట్టుశాలువా!" అన్నాడు.

ఆ చలికాలం ఆస్థాన చరిత్రకారుడు వెన్నయభట్టుకు శాలువాల కొరత రాలేదు. కోటకు శంకుస్థాపన జరిగింది దశమి నాడే. ముత్తాత పట్టాభిషేకం దశమి నాడే. పట్టపుటేనుగు తొలిసారి ఘీంకరించిందీ దశమి నాడేనట. వెరసి యాభై ఒక్క ఘనకార్యాలు.

ఒక్క సంగతే గ్రంథంలో ఇమడలేదు. పన్నెండేళ్ల కిందట అదే దశమి నాడు ఏట్లో పడవ మునిగి పంతొమ్మిది మంది పోయారు. ఏటా ఆ రోజున పడవవాళ్లు వాళ్ల పేరున ఏట్లో దీపాలు వదులుతారు.

"శుభదినాన ఈ ఏడుపులేమిటి ప్రభూ? ఏకాదశికి మార్చుకోమనండి" అన్నాడు భట్టు.

రాజు సరేనన్నాడు. చాటింపు వేశారు.

రాజు పక్కన నిలబడి తాంబూలం అందించే ముమ్మక్క ఆ చాటింపు వింది. మునిగిన పడవ నడుపుతూ పోయినవాడు ఆమె తమ్ముడే. పడవవాళ్ల పెద్ద ఆమె దగ్గరికొచ్చి, "అక్కా, వాళ్లు పోయిన రోజును మేమెట్లా మార్చేది?" అని కళ్లొత్తుకున్నాడు.

"ఉండన్నా, చూద్దాం" అంది ముమ్మక్క. భట్టు గ్రంథం చదివినప్పుడల్లా ఆమె పక్కనే ఉంది. రాజు మురుస్తూ విన్నాడు. ఆమె ఆకులు లెక్కపెట్టుకుంటూ వింది.

పుట్టినరోజు పొద్దున నిండు సభలో గ్రంథపఠనం ముగిసింది. రాజు మీసం దువ్వుకుంటూ, "ఎవరికైనా ఇంకా వినాలనుందా?" అన్నాడు.

సభ మొత్తం నేల చూపులు చూసింది.

"నాకుంది ప్రభూ. పదిహేడో ఆకూ, ముప్పై మూడో ఆకూ వెంటవెంటనే వినాలనుంది" అంది ముమ్మక్క.

భట్టు పొంగిపోయి గొంతు సవరించుకున్నాడు.

"విరోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి. తాతగారు మూడేళ్లుగా ఇంటి ముఖం చూడకుండా ముట్టడించిన పులికొండ దుర్గం వశమైన రోజు!"

"ఆహా! మరి ముప్పై మూడు?"

"విరోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి. ఏరువాడ అంతఃపురంలో తాతగారి రాణి మగబిడ్డను కన్న రోజు. ఆ బిడ్డే మన ప్రభువుల తండ్రిగారు!"

ముమ్మక్క చేతులు జోడించింది.

"తాతగారేమో మూడేళ్లుగా అక్కడ. బిడ్డేమో ఇక్కడ. ఘనకార్యమే ప్రభూ, కాకపోతే ఎవరిదో గ్రంథంలో రాయలేదు."

రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. భట్టు కాళ్లమీద పడ్డాడు.

"తప్పు ప్రభూ! దుర్గం పడింది ముందటి ఏడు మాఘంలో! తండ్రిగారు పుట్టింది మార్గశిరంలో! నేనే రెండింటినీ దశమికి లాక్కొచ్చాను!"

మంత్రి గబగబా వేళ్లు మడిచి, "పది నెలలు. సరిపోయింది ప్రభూ" అని ఊపిరి వదిలాడు.

"మిగతా నలభై తొమ్మిదీ?" అన్నాడు రాజు.

"లాక్కొచ్చినవే."

"ఆ రోజున నిజంగా జరిగిందంటూ ఏదైనా ఉందా?"

భట్టు రెండు వేళ్లు ఎత్తాడు. "రెండున్నాయి ప్రభూ. మీరు పుట్టడం. పడవ మునగడం."

ముమ్మక్క మెల్లగా అడిగింది.

"ప్రభువులు తమ పుట్టినరోజును ఏకాదశికి మార్చుకుంటారా?"

"పుట్టినరోజు ఎక్కడైనా మారుతుందా?"

"పోయినరోజూ మారదు ప్రభూ."

రాజు తల దించుకున్నాడు. చాటింపు రద్దన్నాడు. దీపాలకు నూనె కోట నుంచే పంపమన్నాడు. తన చేతి కంకణం తీసి ముమ్మక్కకిచ్చాడు.

తర్వాత భట్టు వైపు తిరిగాడు. "ఆ గ్రంథం అవతల పారేసి కొత్త ఆకు తీయవయ్యా. పోయిన పంతొమ్మిది మంది పేర్లూ రాయి."

భట్టు గంటం అందుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"చిత్తం ప్రభూ. తిథి ఏమని వేయమంటారు?"

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.