అబ్బులు ఈక, నక్క టోపీ

కాలవగట్టు కింద ఒక పశువుల పాక. ఆ పాకలో అబ్బులు అనే కోడిపుంజుదే పెత్తనం. తన కూత వినే సూర్యుడు లేస్తున్నాడని వాడి గట్టి నమ్మకం. రోజూ కూశాక తూర్పుకు తిరిగి, "ఊఁ, వచ్చావా" అన్నట్టు తలాడించేవాడు.

ఒకనాడు కోడిపిల్లల మీద డేగ వాలబోతే అబ్బులు ఎగిరి దాన్ని రక్కి తరిమాడు. మంచి పనే. ఆ గొప్ప చెవిన పడగానే దడి అవతలికి నక్క వచ్చింది, నెత్తిన చిరుగు టోపీతో.

"ఏం బావా, ఆ వేషం?"

"ఇంగ్లీషు బడి కిటికీ కింద ఊరికే పడుకున్నాననుకున్నావా? గొప్ప పని చేస్తే వాళ్ళు 'ఫెదర్ ఇన్ ది క్యాప్' అంటారు. టోపీలో ఈక! ఈక లేని గెలుపు గెలుపే కాదయ్యా."

"నాకు టోపీ లేదే!"

"నాది ఉందిగా! మనలో మనకు నీదేమిటి, నాదేమిటి? ఈక నువ్వియ్యి, మోత నాకొదిలెయ్. రెక్క ఈకే సుమా, తోకది చెల్లదు."

అబ్బులు పొంగిపోయి పీకి ఇచ్చాడు. పొగడ్త తలకెక్కితే నొప్పి కూడా తెలియదు. ఆ తర్వాత తేలును తిన్నా గెలుపే, కప్పను బెదిరించినా గెలుపే, నిద్రపోతున్న గేదెను లేపినా గెలుపే. నక్క టోపీ పొదలా గుబురెక్కింది.

ఒక సాయంత్రం పడుకుందామని అబ్బులు పాక దూలం మీదికి ఎగిరాడు. ఎగిరాననుకున్నాడు. దభీమని కుడితి తొట్టిలో పడ్డాడు. దడి అవతల ఎవరో పెదాలు నాక్కున్న చప్పుడు.

పిల్లుల నోట్లోంచి పిల్లల్ని లాక్కుని పెంచిన ముసలి పెట్ట సూరమ్మ పరుగున వచ్చింది. "ఏమిట్రా ఈ అవతారం?"

"నీకు తెలీదులే అత్తా. ఇది ఇంగ్లీషు. టోపీలో ఈక అంటే గెలుపు."

"గెలుపేలే. మరి టోపీ ఎవడి నెత్తినుంది?"

"నక్క బావ నెత్తిన."

"ఈకలెవరివి?"

"నావి."

"మరి గెలిచిందెవడురా, సన్నాసీ?"

అబ్బులు తన బోడి రెక్కల వంక చూసుకున్నాడు.

"ఇంగ్లీషు రాకపోతే పోయింది. తెలుగులో టోపీ పెట్టడమంటే ఏమిటో కూడా తెలీదట్రా?"

అంతలో దడి కన్నంలోంచి నక్క దూరింది. "ఇవాళ కిందే పడకా, బావా?"

అబ్బులు రెండడుగులు ముందుకే వేశాడు. "ఇవాళ మహా గెలుపు బావా! ఇంగ్లీషు వంటబట్టింది. ఈ ఆఖరి ఈక నేనే గుచ్చుతాను, కాస్త తల వంచు."

తినబోయే ముందు ఆమాత్రం ముచ్చట తీర్చవచ్చులే అని నక్క వంగింది. అబ్బులు టోపీ అంచు ముక్కున కరుచుకుని మెడదాకా లాగేశాడు. సూరమ్మ కేకేసింది: "ఒరే కర్రోడా! ఇటు రారా!"

గడ్డివామి వెనక కునుకు తీస్తున్న నల్లకుక్క ఒక్క గెంతున వచ్చింది. కళ్ళు కనపడని నక్క గుంజకు గుద్దుకుని, గేదె చేత తన్నించుకుని, ముళ్ళదడిలో ఇరుక్కుంది. తోక కుక్క నోట్లో, టోపీ ముళ్ళకు వదిలేసి ప్రాణాలతో బయటపడింది.

రెక్క ఈకలు మళ్ళీ మొలిచేదాకా అబ్బులు సూరమ్మ గంప కిందే పడుకున్నాడు. పొద్దున మాత్రం టోపీ పెట్టుకుని తిరిగేవాడు. అందులో గుచ్చింది కుచ్చుతోక!

కాలవ అవతలి నుంచి నక్క మొత్తుకుంది. "అది ఈక కాదురోయ్, నా తోక! ఇంగ్లీషులో అలా అనరు!"

"ఇది మా పాక ఇంగ్లీషు, బావా!"

ఎవడు ఏ భాషలో పొగిడినా సరే, టోపీ ఎవరిదో, ఈక ఎవరిదో ముందు అడుగు.